పసుపు పెట్టిన నట్టు

మా తమ్ముడి కుడి చెయ్యి విరగ్గొట్టింది నేనే. ఇరవై నాలుగో నంబరు పానాతో, పట్టపగలు, మా షెడ్డులో, మా నాయన చూస్తూ ఉండగా. ఎలా విరిగిందని ఎవరైనా అడిగితే వాడు "జాకీ జారిందిలే" అంటాడు. జాకీ జారలేదు. ఆ సంగతి ఒకచోటైనా ఉన్నదున్నట్టు ఉండాలని ఇది రాస్తున్నాను.

మాది వ్యాసర్పాడి. ఎన్ని తరాల కిందట నెల్లూరు వైపు నుంచి మద్రాసుకు వచ్చామో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. నాయన పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాక ఇంటి పక్కన ఈ షెడ్డు వేశాడు. కార్ల అడుగు భాగం పని మాత్రమే చేస్తాం. చక్రానికీ బండికీ మధ్య ఉండే స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, ఆర్ములు, బుష్షులు, బాల్ జాయింట్లు, ఇవే మా బతుకు. ఇంజను జోలికి పోము.

ఇది మెత్తని పని అనుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను ఒక్కరోజు నా పక్కన పడుకోబెట్టాలి. కారు బరువు మోసే స్ప్రింగు నొక్కిపెట్టి ఉన్నప్పుడు దానంత కసి ఉన్న వస్తువును నేను ఇంతవరకూ చూడలేదు. పంతొమ్మిదో ఏట, దాన్ని రెండు పక్కలా క్లాంపులతో బిగించి పట్టకుండానే పైన నడిమి నట్టు విప్పాను. ఏమవుతుందిలే అని తొందర. నట్టు చివరి చుట్టు దాటగానే స్ప్రింగు పైమూతను ఎగదన్ని నా మూతి మీదికి వచ్చింది. ముందు పళ్ళు రెండు రాలాయి. పై పెదవి చీలి వేలాడింది. నెత్తురు మింగుతూ నేను కింద కూర్చుంటే నాయన వచ్చి ముందు స్ప్రింగు వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు, నా కుడి చెయ్యి పట్టుకుని సుత్తి పిడితో రెండు కొట్టాడు. ఆ తర్వాతే ఆసుపత్రి.

అది ఆయన పద్ధతి. తప్పు ఏ చెయ్యి చేస్తే ఆ చేతి మీద కొట్టాలి. వీపు మీద కొట్టినవాడు, చెంప మీద కొట్టినవాడు ఆయన లెక్కలో మొరటువాడు. "చేతికి తెలియాల్రా, మనిషికి తెలిసేం లాభం?" అనేవాడు. చేతికి తెలిసేది నిజమే. ఇప్పటి మెకానిక్కుల పని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. బండిని పైకి లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఆర్ము బోల్టులు బిగించేస్తారు. బుష్షులో ఉండేది రబ్బరు. వేలాడుతున్నప్పుడు ఎలా ఉందో అలాగే పట్టుబడిపోతుంది. బండి కిందికి దిగి బరువు పడగానే మెలి తిరుగుతుంది, కొన్నాళ్ళకు చిరుగుతుంది. నేల మీదికి దించి బిగించరా నాయనా అంటే వంగడానికి నడుము నొప్పట! షాకబ్జార్బరు కడ్డీ తిరిగిపోతోందని దాని మెరిసే ఒంటిని కటింగు ప్లయరుతో కరిచి పట్టుకుంటారు. ఆ గీత లోపలి సీలును కోస్తుంది, నూనె కారుతుంది, సరుకు మంచిది కాదని కంపెనీ మీద తోసేస్తారు. లోపల నైలాను చుట్టు ఉన్న నట్టును ఒకసారి విప్పాక పారెయ్యాలి. పారెయ్యరు, మళ్ళీ అదే ఎక్కిస్తారు. ఇంత తిడుతున్నాను గానీ ఇవన్నీ నేనూ చేసినవే. ఒక్కోదానికి ఒక్కో దెబ్బ నా కుడి చేతి కణుపుల మీద ఉంది.

మా షెడ్డులో ఇంకో పద్ధతి కూడా ఉంది. అది ఎక్కడా లేదు. రైల్వేలో నట్టును పూర్తిగా బిగించాక దాని మీద రంగుతో గీత పెడతారు, బిగించడం అయిపోయింది, ఇక ముట్టొద్దు అని గుర్తు. నాయన ఆ అలవాటు ఇక్కడికి తెచ్చాడు. రంగు డబ్బా మూత తీసిపెడితే ఎండిపోతోందని, పూజ గూట్లో ఎప్పుడూ ఉండే పసుపును మంచినూనెలో కలిపి వేలితో రాయడం మొదలుపెట్టాడు. పాతికేళ్ళకు పైగా మా షెడ్డు దాటే ప్రతి బండి అడుగునా పసుపు ఉంటుంది. పసుపు పెట్టిన నట్టు మీద మళ్ళీ పానా వెయ్యకూడదు, ఎక్కువ బిగిస్తే బోల్టు తెగుతుంది. బిగించకుండా పసుపు పెట్టడమన్నది మా ఇంట్లో దొంగతనం కంటే పెద్ద తప్పు. అలాంటి చేతికి ఏం శిక్షో నాయన ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే ఆ తప్పు ఎవరూ చెయ్యలేదు.

ఆ ఏడు ఆయుధ పూజకు ముందురోజు షోళింగనల్లూరు ఆఫీసులకు తిరిగే ఒక క్యాబ్ మా దగ్గరికి వచ్చింది. డ్రైవరు ఒంగోలు వైపు మనిషి. వచ్చి మూడేళ్ళయినా అరవం రాదు, తెలుగు మాట్లాడతామని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాడు. ముందు చక్రాలకు రెండు పక్కలా కింది ఆర్ములు మార్చాలి. ఎడమ పక్క తమ్ముడు తీసుకున్నాడు, కుడి పక్క నేను. వాడు తనది బిగించి పసుపు రాసేశాడు. నేను ఆర్మును చక్రానికి కలిపే బాల్ జాయింటు నట్టును చేత్తో తిప్పి ఆనించానో లేదో, పూజ సామాను ఇంకా రాలేదని ఇంటి నుంచి కేకలు. గుమ్మడికాయ, అరటి పిలకలు, బొరుగులు అన్నీ నేనే తేవాలి. మిగిలింది తర్వాత చూద్దామని పానా కింద పడేసి వెళ్ళాను.

మర్నాడు పూజ. ఆ రోజు మా ఊళ్ళో ఏ షెడ్డులోనూ పనిముట్టు కదలదు. అన్నిటినీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి దండం పెడతాం. పెద్దకొడుకును కాబట్టి పసుపు పెట్టేది నేనే. జాకీకి, ఇనుము బిగించి పట్టే వైసుకు, పానాలకు, సుత్తులకు, షెడ్డులో ఉన్న బండ్లన్నిటికీ పెట్టాను. వెనకాలే నా భార్య కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. ఆ క్యాబ్‌కు కూడా పెట్టాను. ఎంతో భక్తిగా పెట్టాను.

విజయదశమి రోజు పొద్దున్నే పని మొదలైంది. నేను ఒక వ్యాను కింద ఉన్నాను. అక్కడి నుంచే అరిచాను.

"రేయ్, ఆ క్యాబ్‌ది కుడి పక్క మిగిలిండాయి చూడు. బిగించి, చక్రాలు ఎక్కించి పంపించెయ్."

"సరి నా," అన్నాడు వాడు. అన్నా అనేది వాడి నోట నా అనే వస్తుంది.

అంతే. క్యాబ్ వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆ డ్రైవరు ఆటోలో వచ్చి దిగాడు. తల చుట్టూ కట్టు, చొక్కా మీద ఎండిన నెత్తురు, చేతిలో జాకీ తిప్పే ఇనప కడ్డీ. దిగడం దిగడమే షెడ్డులో నిలిపి ఉన్న బండి అద్దం మీద కడ్డీతో కొట్టాడు. అద్దం జలజలా రాలింది. తర్వాత పానాలు తగిలించిన చెక్క మీద కొట్టాడు. నేను లేచి ఎదురెళ్తే నా ఎడమ భుజం మీద ఒకటి పడింది, ఆ చెయ్యి మొద్దుబారిపోయింది.

"కుడి పక్క చక్రం ఎవుడయ్యా బిగించింది? ఎవుడు? నన్ను చంపేద్దామనుకున్నారా?" అని అరుస్తున్నాడు. "పోతా పోతా ఉంటే చక్రం లోపలికి మడిచేసుకుంది. డివైడర్ ఎక్కేశాను. ఎనక సీట్లో ఆడపిల్ల ఉందయ్యా! ఆ పిల్ల మొహం ముందు సీటుకి గుద్దుకోని నెత్తురు కక్కింది. అది చచ్చిపోయుంటే ఎవుడు సమాధానం చెప్పేది?"

చక్రం లోపలికి మడుచుకుందంటే బాల్ జాయింటు ఊడింది. ఊడిందంటే నట్టు లేదు. మరుక్షణం కోపం వచ్చింది. నేను చెప్పాను కదా, బిగించమని నోరారా చెప్పాను కదా! నాయన తన కుర్చీలోంచి అంతా చూస్తూ ఉన్నాడు. తమ్ముడు వైసు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి బల్ల మీద ఆనించి ఉంది.

"కుడి పక్క బాల్ జాయింటు బిగించినావా లేదా?" అన్నాను.

"నేను బిగించలే నా. పసుపు ఉండింది..."

అని ఆగిపోయాడు. డ్రైవరు వంక, వాడి కడ్డీ వంక చూశాడు. ఇంకేదో చెప్పబోయి మింగేశాడు. నేను అదంతా చూశాను, చూసి కూడా ఆగలేదు. బిగించలేదంటున్నాడు, పసుపు ఉందంటున్నాడు. అంటే వీడు బిగించకుండానే పసుపు రాశాడు!

"దొంగ పసుపు పెడతావురా? మన షెడ్డులో? మనుషులెక్కే బండికి?"

చేతికందింది ఇరవై నాలుగో నంబరు పానా. మూరెడు పొడుగు, మంచి బరువు. ఎత్తి వాడి చేతి మీద వేశాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. వాడు అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చుకుని అలాగే కిందికి కుంగాడు. నేను రెండోది కూడా ఎత్తాను. ఎత్తిన మాట నిజం. డ్రైవరు నా చెయ్యి పట్టుకున్నాడు.

డ్రైవరు కడ్డీ తమ్ముడి తల మీద పడకముందే నేనే చేతి మీద కొట్టి వాణ్ణి కాపాడానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. ఆ నిమిషంలో నాకు డ్రైవరు గుర్తు లేడు, ఆ ఆడపిల్ల గుర్తు లేదు. కొట్టాలి, అంతే. ఆ చెయ్యి నలగాలి. చిన్నప్పటి నుంచి నా చేతి మీద పడ్డవన్నీ ఎక్కడో ఒకచోట దించుకోవాలని ఉందేమో, తెలియదు. దెబ్బ పడినప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

"నువ్వు మనిషివేనా అసలు?" అన్నాడు డ్రైవరు. కొట్టడానికి వచ్చినవాడు కడ్డీ అవతల పారేసి, తన భుజం మీది తువ్వాలు తీసి తమ్ముడి చేతికి చుట్టాడు. తను వచ్చిన ఆటోలోనే ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేను పోలేదు. పగిలిన అద్దం ముక్కల మధ్య పానా పట్టుకుని నిలబడ్డాను.

అరచేతి వెనక మూడు ఎముకలు. ఆ రోజుకు కట్టు కట్టి పంపారు, ప్లేటూ మరలూ తర్వాత బిగించారు. ఆ సాయంత్రం కట్టుతో తిరిగొచ్చిన వాణ్ణి నాయన షెడ్డు గుమ్మంలోనే ఆపేశాడు. ఆయనకు ఎనభై దాటాయి, కుర్చీలో కూర్చునే షెడ్డు నడుపుతాడు.

"దొంగ పసుపు పెట్టిన చెయ్యి ఈడికి రాకూడదు. ఇంక నీకూ ఈ పనికీ చెల్లు," అన్నాడు.

వాడు తల వంచుకుని నిలబడ్డాడు. పదహారో ఏట నుంచి ఈ షెడ్డులోనే ఉన్నవాడు. స్ప్రింగు చప్పుడు విని ఏ చుట్టు పగిలిందో చెప్పగలిగినవాడు. నాకు జాలి కలగలేదు. తగిన శాస్తి అనుకున్నాను.

మర్నాడు ఆ క్యాబ్‌ను లాగుకొచ్చి షెడ్డులో దించారు. మా తప్పు కాబట్టి మేమే బాగుచెయ్యాలి. కింద పడుకుని కుడి పక్క చూశాను. నట్టు ఎక్కడ పడిపోయిందో లేదు. బాల్ జాయింటు మొన చుట్టూ పసుపు మరక ఉంది. చూడగానే పళ్ళు నూరుకున్నాను. తర్వాత లైటు కొంచెం పైకి తిప్పాను. స్ప్రింగు మీద కూడా పసుపు. బ్రేకు మీద పసుపు. ఆర్ము నడుమ, ఏ నట్టూ లేని చోట, మూడు వేళ్ళ పసుపు.

స్ప్రింగు మీద పసుపు ఎవడు పెడతాడు? అందులో బిగించడానికి ఏముంది?

గోటితో గీకాను. నూనె పసుపు కాదు, నీళ్ళ పసుపు. పొడిగా రాలింది. ఆయుధ పూజ రోజు చక్రం ఊడదీసి ఉన్న ఆ పక్కకు నేనే వంగి, లోపలి ఇనుమంతటికీ పసుపు పెట్టాను. నా భార్య అంత కిందికి వంగలేక కుంకుమ పెట్టకుండా వదిలేసింది. బిగించని నట్టు మీద పసుపు పెట్టింది నేను. వాడు పొద్దున్నే వచ్చి పసుపు చూశాడు, అన్న బిగించేసి ఆ సంగతి మరిచాడనుకున్నాడు, ఇంటి పద్ధతి ప్రకారం ముట్టకుండా వదిలేశాడు. దొంగ పసుపు నాది.

ఓరి దేవుడా! పడుకున్నచోటే తల ఎత్తి ఆ ఆర్ముకేసి కొట్టుకున్నాను. మళ్ళీ కొట్టుకున్నాను. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. నాయన పైనుంచి "ఏందిరా చప్పుడు?" అన్నాడు. "ఏం లేదు నాయనా, తగిలింది," అన్నాను.

చెప్పలేదు. నాలుగు రోజులు చెప్పలేదు. నోటి దాకా వచ్చేది, కుర్చీలో ఉన్న ముసలాయన మొహం చూసి వెనక్కి పోయేది. ఈలోగా ఆ నోటా ఈ నోటా పడి, వ్యాసర్పాడిలో ఉన్న నలుగురు మెకానిక్కులూ తమ్ముడి పేరు చెప్పుకుని నవ్వుతున్నారు. ఇక ఎవడూ వాడికి పానా ఇవ్వడు. షోళింగనల్లూరులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడని, సోమవారం నుంచి రమ్మన్నారని నా భార్య చెప్పింది. ఆ మాట అన్నం తింటుండగా చెప్పింది. నేను చెయ్యి కడుక్కున్నాను.

ఆదివారం పొద్దున డ్రైవరు బండి తీసుకోవడానికి వచ్చాడు. తమ్ముడు తన సొంత పానాల సంచి కోసం వచ్చి, గుమ్మం దాటకుండా బయటే నిలబడ్డాడు. నాయన కుర్చీలో ఉన్నాడు. ఇప్పుడు నోరు విప్పకపోతే నేను బతికి దండగ అనుకున్నాను.

"నాయనా, ఆ పసుపు వాడు పెట్టలేదు. పూజ రోజు నేను పెట్టినా. నట్టు లూజుగా వదిలింది నేను, దానికి పసుపు పెట్టింది నేను. వాడు పసుపు చూసి వదిలినాడు."

డ్రైవరు నోరు తెరిచి నా వంక చూశాడు. నాయన చేతికర్ర ఆనించి లేచాడు.

"ఏ చెయ్యిరా?" అన్నాడు.

కుడి చెయ్యి చాపాను. ఆయన కర్ర ఎత్తి కొట్టాడు. ఎనభై ఏళ్ళ చెయ్యి అనుకుంటాం గానీ ఏభై ఏళ్ళు సుత్తి పట్టిన చెయ్యి అది. ఒకటి, రెండు, మూడు. కణుపులు చిట్లాయి. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, కొట్టడం ఆపడం లేదు, ఎగశ్వాస వచ్చేస్తోంది. నేను చెయ్యి తియ్యలేదు. విరిగితే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

గుమ్మం దాటి వచ్చి, ఎడమ చేత్తో కర్ర పట్టుకుని ఆపింది తమ్ముడు.

"చాలు నాయనా. ఇడిచిపెట్టు. నాకు ఆ పొద్దే తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసురా నీకు?" అన్నాను నేను.

"నువ్వు పసుపు పెడతా ఉంటే గిన్నె పట్టుకోనుండింది నేనే కదా నా. ఈయన వచ్చి కుడి పక్క అని అరిచినాక గుర్తొచ్చింది. చెప్దామని నోరు తెరిచినా. ఈయన చేతిలో కడ్డీ ఉండింది. నీ పేరు చెప్తే నీ తల పగలగొట్టేస్తాడనుకున్నా." కట్టుకట్టిన చెయ్యి వంక చూసుకున్నాడు. "నువ్వు కొడతావని మాత్రం అనుకోలేదు."

డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాయన కుర్చీలో కూలబడి, కర్ర కింద పడేసి, "ఉండరా, ఇంక ఈడే ఉండు," అన్నాడు. క్షమించమనే మాట అప్పుడు నా నోట రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

బండి తాళాలు ఇవ్వబోతే డ్రైవరు తీసుకోలేదు. నన్ను దాటి వెళ్ళి తమ్ముడి ముందు నిలబడ్డాడు. "నువ్వు చూసి చెప్పు తమ్ముడూ. నువ్వు చెప్తేనే ఎక్కుతా," అన్నాడు. వాడు కట్టుకట్టిన చెయ్యి ఎదకు ఆనించుకుని, ఎడమ చేత్తో లైటు పట్టుకుని బండి కిందికి దూరాడు. ఒక్కో నట్టూ ఎడమ చేత్తో పానా వేసి చూశాడు. సుమారు గంట పట్టింది. మేము ముగ్గురం వాడి కాళ్ళ వంక చూస్తూ ఉన్నాం.

వాచ్‌మన్ పనికి వాడు పోలేదు. ఇప్పుడు నా పక్కనే పని చేస్తున్నాడు. కుడి చేతి వేళ్ళు రెండు పూర్తిగా ముడుచుకోవు, గట్టి నట్లు ఎడమ చేత్తో విప్పుతాడు. షెడ్డులో పసుపు గుర్తు ఎత్తేశాం, తెల్ల రంగు పెన్ను వాడుతున్నాం. నాతో మామూలుగానే మాట్లాడతాడు. నా అంటాడు, టీ తెచ్చిస్తాడు, క్రికెట్ గురించి వాదులాడతాడు. బయటివాళ్ళు చూస్తే మా మధ్య ఏమీ జరగలేదనే అనుకుంటారు.

కాకపోతే బండి కింద ఇద్దరం పడుకుని ఉన్నప్పుడు, చెమట తుడుచుకోవడానికి నేను చెయ్యి ఎత్తితే, వాడు టక్కున కళ్ళు మూసుకుని మొహం అవతలికి తిప్పేస్తాడు. నలభై రెండేళ్ళ మనిషి. తిప్పాక, ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ పక్కనున్న పానా తీసుకుంటాడు. నిన్న రెండుసార్లు తిప్పాడు.